తాతగారి .315 రైఫిల్‌ని మార్పించాలా, అలాగే ఉంచాలా?

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. కావలి దగ్గర మీ ఊళ్లో తాతగారి పాత బి.ఎస్.ఏ. (ఇంగ్లండు కంపెనీ) .315 రైఫిల్ ఉంది, .315 అంటే అంగుళాల్లో దాని గొట్టం రంధ్రం కొలత. చెక్క బట్టు, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, మెడ దగ్గర చీలింది. గొట్టం మీద నలుపు పోయి ఇనుము తెల్లగా కనిపిస్తోంది. బెంగళూరులో ఉన్న మీ బాబాయి కొడుకు గొట్టం కాస్త కోయించి, ప్లాస్టిక్ బట్టు వేయించి, పైన టెలిస్కోపు బిగిద్దాం అంటున్నాడు. మీకు మనసొప్పడం లేదు, అలాగని ఊరికే పడి ఉంటే తుప్పు పడుతుందని దిగులు.

చెక్క బాగు చేయించండి. ఇనుము జోలికి పోవద్దు. మా ఇంట్లోనూ ఇదే రైఫిలు, ఇదే పంచాయితీ జరిగింది కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

ముందు గొట్టం కోసే మాట. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం, అందుకు ప్రత్యేకంగా లైసెన్సు ఉంటే తప్ప తుపాకి గొట్టం పొట్టి చేయడం నేరం. మీ దగ్గరున్న మామూలు లైసెన్సు అందుకు పనికిరాదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. సైలెన్సర్ లాంటి ఆలోచన కూడా ఉంటే ఇప్పుడే మానుకోమనండి, చట్టం దృష్టిలో అది కూడా తుపాకీ కిందే లెక్క. మీ తమ్ముడు చూసే వీడియోలన్నీ అమెరికావి. అక్కడి ముచ్చట్లు మన కలెక్టరాఫీసులో చెల్లవు.

మా రైఫిలు మా అమ్మ వాళ్ల నాన్నది. ఉదయగిరి అవతల, వెలిగొండల కింద పల్లె. అడవిపందులు చెనక్కాయ చేలల్లో పడి రాత్రికి రాత్రి దున్నేసినట్టు చేసేవి, ఆ రోజుల్లో పంట కాపలాకని తీసుకున్న లైసెన్సు. తాత పోయాక అది మా చిన్నమామ పేరుకు మారింది. ఆయనకు చత్వారం వచ్చింది. గురి చూసుకునే సైట్లలో కొసన ఉన్నదీ దగ్గరున్నదీ ఒకేసారి ఆనడం లేదని టెలిస్కోపు మీద మోజు పుట్టింది. "ఏందబ్బయా, నాలుగు బొక్కలు ఏస్తే ఏం మునిగిపోద్ది?" అని నాతో వాదన. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, కళ్లు ఆననివాడికి టెలిస్కోపు నిజంగానే సుఖం. కానీ ఆ బొక్కలు పడేది బోల్టు (తూటాను గదిలోకి నెట్టి వెనక మూసే కడ్డీ) కూర్చునే గట్టి ఉక్కులో. ఒకసారి వేస్తే పూడ్చలేం, వంకరగా పడితే ఇక ఆ రైఫిలు చూపు ఎప్పటికీ కుదరదు.

చివరికి రిపేరు లైసెన్సున్న ఒక పాత మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన టెలిస్కోపు మాటే ఎత్తలేదు. బోల్టు తీసి, తూటా గదిలో తెల్ల కాగితం ముక్క పెట్టి, గొట్టం కొస నుంచి లోపలికి చూడమన్నాడు. మెలి తిరిగిన గాడులు మెరుస్తూ కనిపించాయి, కానీ మధ్యలో ఒకచోట మసూచి మచ్చల్లా గుంటలు. పాతకాలపు తూటాల మందులో ఉప్పు మిగులుతుందట, కాల్చిన రోజే వేడినీళ్లతో కడగకపోతే అది చెమ్మ పీల్చి ఇనుమును తినేస్తుందట. తర్వాత గొట్టం కింద ఉండే ముందు చెక్క విప్పాడు. అసలు కథ అక్కడుంది. పైకి నున్నగా కనిపించే గొట్టానికి, చెక్క ఆనుకునే గీత పొడవునా ఎర్రతుప్పు, పొలుసులు పొలుసులుగా. మామ నోట మాట రాలేదు. మీరూ ముందు ఆ చెక్క విప్పి చూపించుకోండి. కాల్చడానికి పనికొస్తుందా లేదా అన్నది ఆ గాడులూ ఆ తుప్పూ తేలుస్తాయి, బట్టు ప్లాస్టిక్కా చెక్కా అన్నది కాదు.

పోయిన నలుపు మళ్లీ వేయించాలని మీకూ అనిపిస్తూ ఉంటుంది. దానికి ముందు ఇనుమును తోమి తోమి నున్న చేస్తారు. ఆ తోమడంలో ముందుగా అరిగేవి గుర్తులు. మీ రైఫిలును వెలుతురులో తిప్పి చూడండి, మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఉంటే అది బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ వాళ్ల ముద్ర. పక్కన చిన్న కిరీటాల కింద అక్షరాలుంటే అవి అక్కడి పరీక్షశాల వేసినవి. అన్నిటికన్నా ముఖ్యం నంబరు. లైసెన్సు పుస్తకంలో ఉన్నదీ, ఇనుము మీద ఉన్నదీ ఒకటై ఉండాలి. నంబరు గానీ ముద్ర గానీ చెరిపితే 8వ సెక్షను కింద అదో నేరం, తోముడులో పోయిందంటే వినేవాడుండడు. మా మామ నలుపు ఆలోచన అక్కడితో ఆపేశాడు. బోల్టు పిడి మీద కూడా నంబరు ఉంటుంది. అదీ కలిస్తే మీ బోల్టు ఆ తుపాకితో పుట్టిందేనని అర్థం. ఎవరో ఇస్తున్నారని ఇంకో రైఫిలు బోల్టు తెచ్చి వేయకండి, తూటా వెనక సందు తేడా వస్తే కాల్చేవాడి ముఖానికే ముప్పు.

ఈ .315 పుట్టుకే కాస్త చిత్రం. లోపలి పనితనం బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్‌ది, తూటా మాత్రం ఆస్ట్రియా వాళ్ల పాత మాన్‌లిషర్‌ది. సైన్యం వాడే .303 మన జనం చేతికి చిక్కకూడదని ఇలా అతికించి అమ్మారు. తర్వాత బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ఇదే తూటాకు రైఫిళ్లు చేసింది. అందుకే త్రీ ఫిఫ్టీన్ మన దేశంలో తప్ప పెద్దగా ఎక్కడా కనిపించదు. దీనికి సరిపోయే తయారు సామాను బజారులో వెతికినా దొరకదు. ఆ ప్లాస్టిక్ బట్టు ఇంకేదో తుపాకిది తెచ్చి, చెక్కి, అరగదీసి ఇరికించాల్సిందే.

సరే, ఇన్ని చేయించి ఏం కాలుస్తారు? 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ముగిసిన కథ. చేలో పడ్డ పందినైనా అటవీశాఖ వాళ్ల అనుమతి లేకుండా కాల్చకూడదు. ఇక మిగిలింది రైఫిల్ క్లబ్బులో అట్ట మీద గురి చూసుకోవడం. అందుకు పాత సైట్లు చాలు.

ధర గురించి అడిగారు. పాతది కదా, ముట్టుకోకుండా ఉంచితే లక్షలు పలుకుతుందనే ఆశ పెట్టుకోకండి. లైసెన్సున్నవాడే కొనాలి, అతని లైసెన్సులో ఖాళీ ఉండాలి, ఒకరికి రెండు ఆయుధాలకు మించి లేవు కాబట్టి అలాంటి మనిషి దొరకడమే కష్టం. అలాగే ఉంచమనడం డబ్బు కోసం కాదు.

చెక్క చీలిక సంగతి సులువు. మేస్త్రీ బట్టు విప్పి, చీలికలోకి అరాల్డైట్ ఎక్కించి, లోపల్నుంచి సన్నటి ఇత్తడి పుల్ల దించి బిగించాడు. దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. ఉప్పుకాగితంతో రుద్ది వార్నీషు కొట్టనివ్వకండి. పలచగా అవిసెనూనె పట్టించి గుడ్డతో తుడిస్తే చాలు, తాత చెయ్యి పట్టిన చోట నునుపు అలాగే ఉంటుంది. ఇనుముకు మాత్రం తుపాకుల నూనే వాడండి. మన ఇళ్లల్లో పూసే కొబ్బరినూనె ఏళ్లు గడిస్తే బోల్టులో బంక కడుతుంది. తోలు సంచిలో దాచడం మరీ చెడ్డది, కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఆ తోలు చెమ్మంతా ఇనుముకే ఇస్తుంది. ఇనప బీరువాలో విడిగా నిలబెట్టండి.

బాగు చేయించడానికి ఎక్కడికి తీసుకెళ్లాలన్నా ముందు లైసెన్సు పుస్తకంలో చెల్లుబాటు ఎంతవరకో చూసుకోండి. మన రాష్ట్రానికే అని రాసి ఉంటే తడ దాటి చెన్నై పోకూడదు, హైదరాబాదూ ఇప్పుడు పక్క రాష్ట్రమే. అసలు ఆ లైసెన్సు ఇప్పుడు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. తాతగారు పోయి ఉండి, ఎవరి పేరుకీ మారకపోతే, చెక్క గిక్క తర్వాత, ముందు దాన్ని పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి. వారసులుగా కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. తాతగారు ఉంటే ఇంకా నయం, 70 ఏళ్లు దాటినవాళ్లూ, 25 ఏళ్లుగా లైసెన్సున్నవాళ్లూ బతికుండగానే వారసుడికి మార్పించే వీలు 2016 రూల్స్‌లో ఉంది.

జమచేసే ముందు గొట్టం లోపలా బయటా నూనె బాగా పట్టించండి. మాది ఒకసారి ఎన్నికలప్పుడు స్టేషన్లో పెట్టి తెచ్చుకుంటే బోల్టు తిరగడానికే మొరాయించింది. రసీదులో నంబరుతో పాటు బట్టు చీలికా, ఇప్పుడున్న తుప్పూ కూడా రాయించుకోండి. నాలుగు ఫోటోలు తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.