డాక్టర్ సలహా: ఎండలోకి వెళ్లలేదు, టెంట్‌లో పడుకున్నారంతే.. వడదెబ్బ ఎలా తగిలింది?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. మార్చి ఆఖర్లో గండికోట వెళ్లి, లోయకు కాస్త దూరంగా టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉన్నాం. పొద్దున ఆరింటికి నేనూ నా భార్యా సూర్యోదయం చూడ్డానికి వెళ్లాం. నాన్న (66 ఏళ్లు), మా బాబు (4 ఏళ్లు) టెంట్‌లోనే నిద్రపోతున్నారు. ఎనిమిది దాటాక వచ్చి చూస్తే బాబు చెమటతో తడిసి ముద్దయ్యాడు. మొహం కందిపోయింది, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నాన్న తలనొప్పి అంటూ లేచి, కళ్లు తిరిగి కూలబడ్డారు. నీడకు తీసుకొచ్చి ఉప్పు వేసిన మజ్జిగ తాగిస్తే గంటలో తేరుకున్నారు. ఎండలోకే వెళ్లకుండా వడదెబ్బ తగులుతుందా? నాన్న బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతారు. మే నెలలో బంధువులతో మళ్లీ వెళ్దామనుకుంటున్నాం. టెంట్ చల్లగా ఉండాలంటే ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఎండలో అడుగు పెట్టకపోయినా వడదెబ్బ తగులుతుంది. ఒంట్లోని వేడి బయటికి పోయే దారి లేకపోతే చాలు. మీవాళ్లకు వచ్చింది వడదెబ్బకు ముందు మెట్టులా ఉంది. మేం దాన్ని హీట్ ఎగ్జాషన్ అంటాం. ఇద్దరికీ తెలివి ఉంది, మాట తడబడలేదు, నీడకు తెచ్చి తాగించగానే తేరుకున్నారు కాబట్టి అలా అంటున్నాను. ఇంకో గంట అలాగే పడుకుని ఉంటే సంగతి వేరేగా ఉండేది.

ముందు ఒక అనుమానం తీర్చండి. రాత్రి చికెన్ కాల్చుకోవడానికో మరెందుకో బొగ్గుల కుంపటి వెలిగించి, దాన్ని టెంట్ లోపల గానీ, గుమ్మంలో గానీ పెట్టారా? ఒకే టెంట్‌లో పడుకున్నవాళ్లకు పొద్దున్నే తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం కలిసి వస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా గుర్తుకు రావాలి. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. పైన బూడిద కప్పేసి ఆరిపోయినట్టు కనిపించే బొగ్గు కూడా దాన్ని వదులుతూనే ఉంటుంది. కుంపటి లేదంటారా, ఆ మాట వదిలేద్దాం.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. జిప్పులన్నీ బిగించిన టెంట్‌లో రాత్రంతా వదిలిన ఊపిరి తేమ అక్కడే నిలిచిపోతుంది. పొద్దెక్కాక ఎండకు గుడ్డ కాగుతుంది, లోపలి గాలి కాగుతుంది, అది పోయే దారి ఉండదు. చెమట కారుతూనే ఉంటుంది గానీ ఆరదు. మీ బాబు తడిసి ముద్దయింది అందుకే. నీళ్లూ ఉప్పూ ఒంట్లోంచి పోయాయి, చల్లదనం మాత్రం దక్కలేదు. పైగా పసిపిల్లల ఒళ్లు మనకంటే త్వరగా వేడెక్కుతుంది. పిల్లల్ని కారులో వదిలి వెళ్లకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. టెంట్ విషయంలో ఎందుకో అది తట్టదు.

నాన్నగారి సంగతి వేరు. ఆయన మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించేస్తుంది. టెల్మిసార్టాన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. వేడికి చర్మంలోని నాళాలు ఎలాగూ విచ్చుకుంటాయి. మూడూ కలిసేసరికి, లేచి నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోయి ఉంటుంది. అలాగని మాత్ర మీ అంతట మీరు మానిపించకండి. ఒకసారి వాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూపించండి. రక్తంలో సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించండి. జలుబుకు వేసుకునే మగతమాత్రలు కొన్ని చెమటను తగ్గిస్తాయి. ప్రయాణంలో అవి వాడుతుంటే ఆ మాట కూడా చెప్పండి.

ఇక టెంట్. మీరు రాయలేదు గానీ, దాన్ని ఎక్కడ వేసి ఉంటారో నాకు తెలుసు. సాయంత్రం చేరుకుని, ఎక్కడ నీడ ఉంటే అక్కడ వేసి ఉంటారు. సాయంత్రం నీడ పడేది చెట్టుకో గోడకో తూర్పు పక్కన. తెల్లారితే మొట్టమొదట ఎండ కొట్టేదీ అక్కడే. అదీ నడినెత్తి ఎండ కాదు, ఏటవాలుగా వచ్చి టెంట్ పక్కల మీద నేరుగా పడుతుంది. అందుకే చెట్టుకు పడమటి పక్కన వేయండి. సాయంత్రం కాసేపు ఎండ కొడుతుంది, పొద్దుగుంకితే అదే పోతుంది. బండ మీద కన్నా మట్టినేల మేలు. పగలంతా కాగిన బండ రాత్రి చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది.

వాన కోసం టెంట్ మీద కప్పే రెండో గుడ్డ ఉంటుంది కదా, మబ్బు లేని రాత్రి దాన్ని తీసేయండి. ఎదురెదురు కిటికీలు తెరిచి దోమతెర మాత్రం జిప్ వేసి ఉంచండి. అక్కడ తేళ్లు ఉంటాయి. పడుకోబోయే ముందే తూర్పు వైపున, టెంట్‌కు ఒక అడుగు ఎడంగా తెల్ల దుప్పటో టార్పాలినో కట్టుకోండి. ఆ ఎడం ముఖ్యం. గుడ్డ టెంట్‌కు ఆనుకుంటే వేడి లోపలికే వస్తుంది. గాలి వచ్చే కిటికీకి కాస్త ముందు తడిగుడ్డ వేలాడదీస్తే రాయలసీమ పొడి ఎండల్లో బాగానే పనిచేస్తుంది. మన పెద్దవాళ్లు వట్టివేళ్ల తడికలు కట్టింది ఇందుకే. సముద్రం ఒడ్డున, ఉక్కపోతలో ఇది పెద్దగా పనిచేయదు. బ్యాటరీ ఫ్యాను పెడితే కిటికీలు తెరిచి పెట్టండి. మూసిన టెంట్‌లో అది వేడిగాలినే తిప్పుతుంది.

ఇంత చేసినా పొద్దెక్కాక టెంట్ టెంటే. ఎండ తగలగానే అందరూ బయటికి రావాలి. నిద్ర చాలనివాళ్లకు చెట్టుకింద చాప వేయండి.

మజ్జిగ ఇచ్చి మంచి పని చేశారు. ఓఆర్‌ఎస్ కూడా దగ్గర ఉంచుకోండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో కలిపి పిల్లలకు పట్టేవాళ్లను చూస్తుంటాను, అది ప్రమాదం. వాంతులవుతున్న పిల్లాడికి చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. రాత్రి బీరు తాగినవాళ్లు పొద్దుటికి సగం ఎండిపోయి ఉంటారు, బంధువులకు ఈ ముక్క నా పేరు చెప్పి వినిపించండి.

మాట తికమకగా వచ్చినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు 104 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. మగతలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ పనిచేయదు, ఎందుకంటే అది జ్వరం కాదు. గండికోట నుంచి జమ్మలమడుగు వెళ్లాలంటే దాదాపు 15 కిలోమీటర్లు, అది కూడా గుర్తుంచుకోండి.

మే ప్రయాణం నాకు ఇష్టం లేదు. కడప జిల్లాలో అప్పుడు పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే, రాత్రిళ్లూ చల్లబడదు. నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. బంధువులు వినకపోతే నాన్నగారికీ బాబుకూ పడక గదిలో ఏర్పాటు చేయండి, టెంట్ మీకు. సూర్యోదయానికి వెళ్లేటప్పుడు బాబును కూడా లేపి ఎత్తుకెళ్లండి. నిద్ర చెడిందని ఏడిస్తే ఏడవనివ్వండి. లోయ అంచు దగ్గర మాత్రం చెయ్యి వదలకండి.