‘ది కైట్ రన్నర్’ చెప్పబోతున్న మా మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. ఈ సెమిస్టర్‌లో డిగ్రీ ఫస్టియర్ పిల్లలకి ‘ది కైట్ రన్నర్’ చెబుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గైడు ముందు పెట్టుకుని నోట్సు డిక్టేట్ చేసి చేతులు దులుపుకునే రోజుల్లో, పిల్లల చేత ఒక నవల మొత్తం చదివించాలనుకున్నావు చూడు, ఆ మాటకే కడుపు నిండింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. పదిహేడు, పద్ధెనిమిదేళ్ల పిల్లల క్లాసు ఎలా ఉంటుందో కూడా తెలుసు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నువ్వు రెండుసార్లు చదువు. ప్రిన్సిపాల్ గారికి చెప్పి మొదలుపెట్టు. గోడకి అఫ్గానిస్తాన్ మ్యాపు తగిలించు. 1973లో రాజు జహీర్ షాని దించేశారు, 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం దిగింది, 1996లో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకున్నారు అని బోర్డు మీద రాస్తే చాలు. ఖాలెద్ హొస్సేనీ కాబూల్‌లో పుట్టాడు, 1980లో వాళ్ల కుటుంబం అమెరికాలో తలదాచుకుంది, డాక్టరుగా పనిచేస్తూనే ఈ నవల రాశాడు, 2003లో అచ్చయింది. పతంగుల గురించి హైదరాబాద్ పిల్లలకి నువ్వేం చెబుతావు, వాళ్లే నీకు చెబుతారు. గాజుపొడి పూసిన మాంజాకి వేళ్లు తెగడం అక్కడా ఉన్నదే.

నా భయమంతా ఏడో అధ్యాయం గురించి. 1975 చలికాలం గాలిపటాల పోటీలో, కథ చెప్పే డబ్బున్నవాళ్ల పిల్లాడు అమీర్ గెలుస్తాడు. ఆఖరున తెగిన నీలం గాలిపటాన్ని తెచ్చిపెట్టడానికి వాళ్లింటి నౌకరు కొడుకు హసన్ పరుగెడతాడు. ఒక సందులో ఆసెఫ్, వాడి నేస్తాలు హసన్‌ని పట్టుకుంటారు. ఆసెఫ్ ఆ పిల్లాడిపై అత్యాచారం చేస్తాడు. చాటున నిలబడి చూసిన అమీర్ నోరు విప్పకుండా పారిపోతాడు. ఈ పేజీలు క్లాసులో పైకి చదివించకు. ముందు రోజే విషయం చెప్పు. ఆ రోజు రాలేనివాళ్లు రానక్కర్లేదు, హాజరు వేస్తానని కూడా చెప్పు. వెనక బెంచీలో ఎవడో ఒకడు నవ్వుతాడు. వాణ్ని అందరి ముందూ తిట్టకు, చాలాసార్లు భయపడ్డవాడే ముందు నవ్వుతాడు. మగపిల్లలకి ఇలాంటివి జరగవని ఎవరైనా అంటే, 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటేనని చెప్పు. క్లాసయ్యాక ఎవరైనా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడితే కూర్చోబెట్టి విను. కానీ ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట మాత్రం ఇవ్వకు. పద్ధెనిమిది నిండని పిల్లల విషయంలో తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలని ఆ చట్టంలోనే ఉంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు నీ పుస్తకం అట్ట లోపల రాసి ఉంచుకో. 2007లో సినిమా వచ్చినప్పుడు ఈ ఒక్క ఘట్టం వల్ల అందులో నటించిన పిల్లలకి కాబూల్‌లో ప్రమాదమని విడుదల వాయిదా వేసి, ముందు వాళ్లని దేశం దాటించారు. నేను ఊరికే కంగారు పడుతున్నానని అనుకోకు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. అందరూ ఆ సందు దగ్గరే ఆగిపోతారు. పరీక్షలో కూడా అదే అడుగుతారు. నా లెక్కలో ద్రోహం అక్కడ కాదు, వాచీ దగ్గర ఉంది. సందులో అమీర్ పన్నెండేళ్ల పిల్లాడు, ఎదురుగా తనకన్నా బలవంతులు, కాళ్లు వణికాయి. పైగా ఆ నీలం గాలిపటం చేతికొస్తే తప్ప నాన్న తనని మెచ్చడని నమ్మాడు. అది పిరికితనం, స్వార్థం కూడా. వాచీ అలా కాదు. తర్వాతి పుట్టినరోజుకి తండ్రి ఇచ్చిన వాచీని, కొంత డబ్బుని తీసుకెళ్లి, హసన్, వాళ్ల నాన్న బజారుకెళ్లిన సమయం చూసి, హసన్ పరుపు కింద పెడతాడు. పెట్టి తండ్రికి చెబుతాడు. అక్కడ భయపెట్టినవాడు ఎవడూ లేడు. అన్నీ ఆలోచించి చేసిన పని. ఎందుకు చేశాడు? హసన్ కళ్లెదుట తిరుగుతున్నంతసేపూ తను చేసింది గుర్తొస్తుంది కాబట్టి. హసన్ ఒక్క మాట కూడా అనలేదు. పైగా దానిమ్మ చెట్టు దగ్గర పళ్లు విసిరి రెచ్చగొడితే, ఒక పండు తన నుదుటికేసి తనే పగలగొట్టుకుని వెళ్లిపోయాడు. తనని శిక్షించనివాణ్ని అమీర్ భరించలేకపోయాడు. తప్పు చేసినవాడు క్షమాపణ అడగడానికి బదులు ఎదుటివాణ్ని ఇంట్లోంచి పంపించే ఏర్పాటు చేసుకోవడం, పిల్లలు బాగా పట్టుకోవాల్సింది ఇదే. తొందరపడకు. రెండు పీరియడ్లు పట్టినా పట్టనీ.

అమీర్ తండ్రి బాబా అడిగితే హసన్ ‘నేనే తీశాను’ అంటాడు. సందులో అమీర్ అంతా చూశాడని హసన్‌కి తెలుసని మనకి అప్పుడే అర్థమవుతుంది. తెలిసే నింద మోస్తాడు. ఆ తర్వాత బాబా చేసే పని ఇంకా వింత. లోకంలో ఉన్న పాపం ఒక్కటే, అది దొంగతనం, మిగతావన్నీ దాని రూపాలేనని కొడుక్కి నూరిపోసినవాడు, అబద్ధం చెబితే ఎదుటివాడికి దక్కాల్సిన నిజాన్ని దొంగిలించినట్టేనన్నవాడు, క్షణం ఆలస్యం చేయకుండా క్షమించేస్తాడు. హసన్‌ని కొడుకుగా పెంచిన నౌకరు అలీ ఆగడు, కొడుకుని తీసుకుని వెళ్లిపోతానంటాడు. వెళ్లొద్దని బాబా ఏడుస్తాడు. మొదటిసారి చదివినప్పుడు పెద్దమనసు అనుకుంటాం. పదిహేడో అధ్యాయంలో హసన్ బాబాకే పుట్టాడని తెలిశాక వెనక్కి తిప్పి ఆ పేజీలు మళ్లీ చదివించు. క్లాసు నిశ్శబ్దమైపోతుంది చూడు. పాలు పంచుకుని పెరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి తన పేరిచ్చి, ఇంకొకడిని నౌకరు కొడుకుగా ఉంచేసిన మనిషి ఏడ్చాడక్కడ. అలీ పరువుని, పిల్లలిద్దరికీ దక్కాల్సిన నిజాన్ని దొంగిలించినవాడు ఆయనే. అమీర్‌ని ఒక్కణ్నే బోనులో నిలబెట్టి తీర్పు చెప్పనివ్వకు.

తలుపు చాటున అమీర్ విన్న మాట కూడా వదిలిపెట్టకు. ఈ పిల్లాడిలో ఏదో లోపం ఉందని బాబా తన నేస్తం రహీంఖాన్‌తో అంటాడు. ఈ ముక్క చదివిన ప్రతిసారీ నాకు మీ నాన్నే గుర్తొస్తాడు. మీ తాతయ్య అరుగు మీద పక్కింటాయనతో మాట్లాడుతున్నారు. మీ నాన్నకి పదకొండో పన్నెండో ఏళ్లు. మంచినీళ్ల చెంబు పట్టుకుని వస్తున్నాడు. ‘పిల్ల చదువుకుంటుంది, వీడికి నా పోలిక ఒక్కటీ రాలేదు’ అన్నారు ఆయన. మా తమ్ముడు తలుపు వెనకే ఆగిపోయాడు. చెంబు వంగి నీళ్లు పాదం మీద పడుతున్నా చూసుకోలేదు. తర్వాత చెంబు గడప మీద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు. వాడు విన్నాడని మీ తాతయ్యకి చివరిదాకా తెలియదు. ఆయన చెడ్డవాడు కాదు నాయనా, కొడుకు ముఖం మీద మెచ్చుకుంటే చెడిపోతాడని నమ్మిన కాలంవాడు. క్రితంసారి నువ్వొచ్చినప్పుడు ‘నాన్న ఏదడిగినా సరే అనడం తప్ప మాట్లాడడు’ అని విసుక్కున్నావు. నాకది నచ్చలేదు. నీకు ఉద్యోగం వచ్చిందని వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నది మీ నాన్నే. నీతో అనడం చేతకాలేదు, అంతే.

ఇంకో రెండు మాటలు. హసన్‌ని మరీ దేవుణ్ని చేయకండి. హసన్‌కి ఏం కావాలో నవల పెద్దగా అడగదు, నువ్వు అడుగు. అమీర్ పష్తూన్, అక్కడ పెత్తనమున్న జాతి. హసన్ హజారా, వాళ్ల కింద నలిగిన జాతి. పిల్లలు వెంటనే మన కులాల దగ్గరికి వస్తారు. రానీ, మంచిదే. కానీ హజారాల కథ ఆ వంకన మాయమైపోకూడదు. 1998లో మజారె షరీఫ్‌లో వాళ్లని తాలిబన్లు వేటాడి చంపారని చెప్పు. హసన్‌కి ఇష్టమైన రుస్తుం, సోహ్రాబుల కథ పారశీక ఇతిహాసం షానామాలోది. ఎవరో తెలియక తండ్రి కొడుకుని చంపుకున్న కథ. షానామా రాసిన ఫిరదౌసి పేరు వినగానే జాషువా కావ్యం చదివిన పిల్ల ఒకరైనా చెయ్యెత్తకపోదు. సుల్తాను మాట తప్పిన కథ ఆ పిల్ల చేతే చెప్పించు.

చివర్లో ‘ప్రాయశ్చిత్తం జరిగింది’ అని ఒక్క వాక్యంలో ముగించేయకు. హసన్ కొడుకు సోహ్రాబ్‌ని అమీర్ అమెరికా తీసుకొచ్చాక ఆ పిల్లాడు నెలల తరబడి నోరు విప్పడు. పెద్దవాళ్ల పాపాలు కడగడానికి చిన్నవాడు ఎందుకు అంత మోయాలని క్లాసులో అడుగు, జవాబు నువ్వు చెప్పకు.

ప్రిన్సిపాల్ గారు ఏడో అధ్యాయం చూసి వద్దంటే వాదించకు. నాకు ఫోన్ చెయ్యి. నేనే వచ్చి మాట్లాడతాను.

మీ అత్త