టీం లీడ్ అయిన వంశీకి, బర్నౌట్ గురించి

నాన్నా వంశీ,

టీం లీడ్ అయ్యావని అక్క ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. నువ్వు మెసేజ్‌లో అడిగిన ప్రశ్న ఇంకా నచ్చింది. టీంలో ఎవరికైనా బర్నౌట్, అంటే పని ఒత్తిడికి మనిషి లోపల్నించి ఉడిగిపోవడం, వస్తోందని ముందే ఎలా పసిగట్టాలి అన్నావు. చాలామంది ఈ మాట రాజీనామా మెయిల్ వచ్చాక అడుగుతారు. ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ప్రాజెక్టులు నడిపాను కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ముందు మామూలు అలసటకీ దీనికీ తేడా చూడు. రిలీజ్ వారంలో అందరూ అలిసిపోతారు, ఆదివారం తిని పడుకుంటే సోమవారానికి తేరుకుంటారు. బర్నౌట్ అయితే వారం సెలవు తీసుకుని ఊరెళ్లొచ్చినా, లాప్‌టాప్ తెరిచిన గంటకే మళ్లీ అదే నీరసం. క్రిస్టినా మాస్లాక్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీన్ని కొలవడానికి 1981లోనే ఒక ప్రశ్నావళి తెచ్చారు. అందులో చూసేవి మూడు: శక్తి పూర్తిగా ఉడిగిపోవడం, పని మీదా మనుషుల మీదా విరక్తి, నేనేం చేసినా ప్రయోజనం లేదనే భావన. మన మేనేజర్లు మొదటిదొక్కటే చూస్తారు. నన్నడిగితే నువ్వు రెండోదాని మీద కన్నేసి ఉంచు, ఎందుకంటే అలసట దాచుకోవడం మనవాళ్లకి బాగా వచ్చు, విరక్తి దాచుకోవడం రాదు.

ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందనే ఎస్టిమేట్ దగ్గర నీతో గట్టిగా వాదించే కుర్రాడు ఉన్నట్టుండి "సరే అన్నా, చేసేస్తా" అనడం మొదలుపెడతాడు. గొడవ లేదు కదా అని నీకు హాయిగా ఉంటుంది, కానీ జాగ్రత్త పడాల్సింది అక్కడే. కోడ్ రివ్యూలో, అంటే పక్కవాళ్లు రాసిన కోడ్ సరిచూసేటప్పుడు, ప్రతి లైనూ పట్టి చూసేవాడు చదవకుండానే అప్రూవ్ కొట్టేస్తాడు. క్లయింట్ ఏం అడిగినా "రేపు మళ్లీ మారుస్తార్లే" అంటాడు. అందరితో లంచ్‌కి వెళ్లే అమ్మాయి డెస్క్ దగ్గరే తినేస్తుంది. సోమవారాల్లో తలనొప్పి సెలవులు పెరుగుతాయి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, నిజంగానే తలనొప్పి అయ్యుండొచ్చు కూడా. మనిషిని పక్కవాళ్లతో కాదు, మూడు నెలల కిందట తను ఎలా ఉండేదో దానితో పోల్చి చూడు.

ఇంకో సంగతి, ఇది ఎక్కువగా వచ్చేది నీ దగ్గర బాగా పనిచేసేవాళ్లకే. మా పక్క టీంలో పేమెంట్స్ మాడ్యూల్ మొత్తం ఒక్క అమ్మాయికే తెలుసు, అందుకని అర్ధరాత్రి ఏది ఆగినా ఫోన్ ఆమెకే, పండక్కి ఊరెళ్లినా ఆమెకే. అందరూ ఆమెని తెగ మెచ్చుకునేవారు. అవార్డు ఇచ్చిన కొన్నాళ్లకే ఆమె పేపర్లు పెట్టేసింది, చేతిలో ఇంకో ఉద్యోగం కూడా లేకుండా. మెచ్చుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ మెప్పుతో పాటు పనిలో సగం ఇంకొకరికి నేర్పించి ఉంటే ఆమె ఉండేది.

అందుకే ఈ వారమే చూడు, "అది వాడికొక్కడికే తెలుసు" అనే పనులు నీ టీంలో ఎన్నున్నాయో. ఒక్కోదానికి రెండో మనిషిని పెట్టు, రాత్రి ఏది ఆగితే ఏం చేయాలో రాయించు. రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో ఫోన్ వచ్చి లేచినవాళ్లని పొద్దున పదింటి స్టాండప్ మీటింగ్‌కి పిలవకు, దానికి బదులిచ్చే సెలవు, కాంప్ ఆఫ్, ఆ వారంలోనే ఇచ్చెయ్, వచ్చే నెల చూద్దాం అంటే అది ఎప్పటికీ రాదు. అమెరికావాళ్లు నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతారు కదా, న్యూయార్క్‌తో మన సాయంత్రం ఆరున్నర కాల్ ఏడున్నరకి జరిగి, మార్చి రెండో ఆదివారం దాకా అలాగే ఉంటుంది. ఆ నెలల్లో పసిపిల్లలున్నవాళ్లు ఇంట్లో ఎంత నలిగిపోతారో అడిగితే తెలుస్తుంది. కాల్ ఒక గంట ముందే పెట్టమని క్లయింట్‌ని అక్టోబర్‌లోనే అడుగు, అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. సెలవులో ఉన్నవాళ్లకి "ఒక్క చిన్న డౌట్" అని మెసేజ్ పెట్టొద్దు. నువ్వు ఆదివారం రాత్రి రాసుకునే మెయిల్స్ కూడా సోమవారం పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చెయ్. అర్జెంట్ కాదని నువ్వు రాసినా, లీడ్ పంపింది కాబట్టి వాళ్లు ఆ రాత్రే తెరుస్తారు.

అనుమానం వచ్చినప్పుడు "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగున్నా అన్నా" అనే వస్తుంది. మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టకు, టీకి తీసుకెళ్లు. "ఇప్పుడు నీ దగ్గరున్న పనుల్లో ఏది తీసేస్తే నీకు ఊపిరాడుతుంది?" అని అడుగు. జవాబు వచ్చాక ఆ వారంలోనే ఒక పని నిజంగా తీసెయ్. అడిగి ఊరుకున్నావంటే రెండోసారి నీకెవరూ నిజం చెప్పరు. యోగా సెషన్, పిజ్జా పార్టీ పెట్టొద్దనను, కానీ పని అంతే ఉంచి అవి పెడితే జనానికి ఒళ్లు మండుతుంది.

పైవాళ్లు కొత్త పని ఇచ్చినప్పుడు "కుదరదు" అనకు, "దీనికోసం ఏది పక్కన పెట్టమంటారు?" అని అడుగు. టీం వారానికి ఎన్ని గంటలు చేస్తోందో రాసిపెట్టుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెకి రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నీ లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూపిస్తే వింటారు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని జబ్బుగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా చెప్పింది. కాబట్టి సరిచేయాల్సింది మనిషిని కాదు, పనిని. కానీ ఎవరికైనా నిద్ర పూర్తిగా పోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా నువ్వు డాక్టరువి కాదు, వెంటనే ఇంట్లోవాళ్లకి తెలిసేలా చూడు, మానసిక వైద్యుల దగ్గరికి పంపు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబర్ టీం గ్రూప్‌లో ముందే పెట్టు.

ఆన్‌కాల్ రోస్టర్ కొత్తగా వేసి నాకు పంపు, చూసి చెప్తాను. అందులో వరసగా రెండు వారాలు నీ పేరే ఉంటే మాత్రం ఒప్పుకోను.

నీ
పిన్ని