1,200 జవాబులున్నా సర్వే ఎందుకు తప్పుతుంది

మంచినీటి సరఫరాపై వాట్సాప్ గ్రూపుల్లో ఫారం పంపితే 1,200 జవాబులు వచ్చాయని, 400 ఇళ్ల సర్వేకన్నా ఇదే నమ్మదగినది కదా అని అడిగారు. కాదండీ. స్మార్ట్‌ఫోన్ ఉండి, నింపే ఓపిక ఉన్నవారి మాటే మీకు అందింది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి, రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తారంది. కానీ ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు! పత్రిక చిరునామాలు ఎక్కువగా ఫోన్ డైరెక్టరీలు, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసుకుంది; అంటే అప్పట్లో కాస్త డబ్బున్నవారి నుంచే. ఫారం అందినవారిలోనూ చాలామంది తిప్పి పంపనే లేదు.

మీ ఊళ్లోని ఇళ్లన్నీ ఉన్న జాబితా తీసుకుని, చీటీలు తీసినట్టు 400 ఎంచండి. అప్పుడు మీకొచ్చిన లెక్కకూ ఊరంతటి అసలు లెక్కకూ తేడా సుమారు 5 శాతం అటూ ఇటూ లోపే ఉంటుంది, అదీ వందలో 95 సార్లు. ముఖ్యంగా ఒకటి: తలుపుకు తాళం ఉంటే పక్కింటికి వెళ్లకండి, సాయంత్రం మళ్లీ అదే తలుపు తట్టండి. లేకపోతే పగలు కూలికి వెళ్లినవారి మాట లెక్కలోకే రాదు.