రీమ్యాప్ చేయించినా పవర్ రాలేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. 110 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) టర్బో పెట్రోల్ కారును విశాఖలో ఒక గ్యారేజీకి ఇచ్చి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పు), ఇంటేక్ (గాలి లోపలికి తీసుకునే గొట్టం), క్యాటలిటిక్ (పొగను శుద్ధి చేసే భాగం) లేని డౌన్‌పైప్ (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టం) వేయించాను. 150 వస్తుందన్నారు. యూపీఐలో 1,85,000 కట్టాను, బిల్లు తీసుకోలేదు. 2025 జూన్ 9న బండి ఇచ్చారు. హైదరాబాద్‌లో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెడితే 118 హార్స్‌పవరే వచ్చింది. అది అమ్మ దాచుకున్న డబ్బు, నిద్ర పట్టడం లేదు. ఇంకో ట్యూనర్ 20 వేలకు సరిచేస్తానంటున్నాడు. చేయించేసి కేసు వేయనా?

జవాబు: చేయించకండి. ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఇప్పుడున్న ఫైలే మీ సాక్ష్యం. దాని మీద ఇంకొకరు చెయ్యి పెడితే ‘మా పని బాగానే ఉంది, ఆయనే చెడగొట్టాడు’ అని గ్యారేజీవాళ్లు తప్పుకుంటారు.

మీ కేసును తేల్చేది ఒకటే: 150 అన్నది ఇంజన్ దగ్గరా, చక్రాల దగ్గరా? ఆ మాట ఎక్కడ రాసి ఉంది? కంపెనీ చెప్పే 110 ఇంజన్ దగ్గరి లెక్క. మీరు ఎక్కించిన డైనో కొలిచేది చక్రాల దగ్గర. గేర్‌బాక్స్, టైర్లలో పోయేదానికి ట్యూనర్లు సుమారు 15 శాతం వేస్తారు. ఆ లెక్కన మీ 118 ఇంజన్ దగ్గర 139కి దగ్గరపడుతుంది. 150 పీఎస్ అంటే 148 హార్స్‌పవర్. తరుగు 32 కాదు, 9 చిల్లర. మార్పులకు ముందు ఒక్కసారైనా డైనో మీద పెట్టించి ఉంటే ఈ 15 శాతం అంచనాతో పనే ఉండేది కాదు. అంత డబ్బు కడుతూ ఆ కాగితం, బిల్లు తీసుకోకపోవడం మీ అజాగ్రత్తే.

‘150’ అన్న వాట్సాప్ మెసేజ్ ఉంటే ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ రికార్డుకు జతపరిచే ధ్రువీకరణతో) దాఖలు చేయండి. తెలుగు చాట్‌కు ఒడియా గానీ ఇంగ్లీషు గానీ తర్జుమా జతపరచండి.

తర్వాత మళ్లీ డైనో. తేదీ, చోటు తెలుపుతూ గ్యారేజీకి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ పెట్టి నోటీసు ఇచ్చి రమ్మనండి. మూడు రన్లు తీయించి షీట్ మీద ఏ గేరు, ఇంటేక్ ఉష్ణోగ్రత, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), ఎయిర్ ఫ్యూయల్ రేషియో, కరెక్షన్ (వాతావరణాన్ని బట్టి అంకెను సరిచేసే పద్ధతి) ఎస్ఏఈనా ఎస్‌టీడీనా అన్నవి వేయించండి. ఎస్‌టీడీలో అంకె కాస్త పెద్దగా కనిపిస్తుంది. ఫ్యాన్ గాలి చాలక ఇంటేక్ వేడెక్కినా, ఆక్టేన్ తక్కువ ఉన్న పెట్రోల్‌తో నాకింగ్ (ఇంధనం వేళ తప్పి మండడం) వచ్చినా ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. అందుకే పెట్రోల్ బిల్లూ దాచండి.

వాళ్లు తప్పక ఎత్తే మాట ఒకటుంది. డౌన్‌పైప్ మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పుకు 5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇది మీ కేసుకు నిజమైన బలహీనత. బండిని రోడ్డు మీద నడపకండి, టెస్టుకు ఫ్లాట్‌బెడ్ మీద తీసుకెళ్లండి. అది ముగిశాక పాత పైపు బిగించి, తీసిన పైపును భద్రపరచండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం గడువు రెండేళ్లు. డైనో రోజు నుంచి కాక బండి ఇచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకుని, 2027 జూన్ 8 లోపు వేయండి. నోటీసులు, రాజీ మాటలు ఆ గడువును పొడిగించవు. విశాఖ వెళ్లనక్కర్లేదు, మీరుండే రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. సేవాలోపం కింద 150కి తగ్గినంత మేరకు డబ్బు వాపసు, ఖర్చులు అడగండి. మొత్తం 1,85,000 అడిగితే, ఇంజన్ దగ్గర 139 వచ్చిన పనికి అంతా ఎలా తిరిగిస్తామని ఎదుటి లాయర్ అడుగుతాడు.