దురద లేకుండా కుక్క బొచ్చు ఊడితే గజ్జేనా? మా బన్నీ విషయం చెప్తాను

మీ పామేరియన్‌కి నడుము మీద బొచ్చు పోయింది, గోక్కోవడం లేదు, తిండి మామూలుగానే తింటోంది, ఇది గజ్జేనా అని అడిగారు. కాదనే నా నమ్మకం. గజ్జి పట్టిన కుక్క రాత్రంతా గోక్కుంటూ ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వదు. ముందు ఒక మాట చెప్పండి, ఎండాకాలంలో దానికి గుండు చేయించారా?

మాది గుంటూరు కొరిటెపాడు. రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో మా బన్నీ గచ్చు మీద పొట్ట ఆనించి రొప్పుతుంటే చూడలేక, షాపుకి తీసుకెళ్లి మెషిన్ పెట్టించాం. దసరా వెళ్లింది, కార్తీకం వచ్చింది, వీపు మీద ఒక్క వెంట్రుక లేదు, చర్మం నల్లబడింది. పై వాటా వాళ్లు పిల్లల్ని దగ్గరికి రానివ్వడం మానేశారు. ఒకాయన వాడేసిన ఇంజన్ ఆయిల్ పుయ్యమన్నాడు. అది నాకితే విషమండీ, ఈ సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మేమో ఉప్పు తింటే బొచ్చు ఊడుతుందని నెలల తరబడి దానికి చప్పిడి పెరుగన్నమే పెట్టింది.

చివరికి డాక్టరు బ్లేడుకి నూనె చుక్క అద్ది, వీపు మీద ఒకచోట ఎర్రబడేదాకా గీకి, ఆ పొట్టు గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశారు. గజ్జి పురుగు లేదు. థైరాయిడ్ పరీక్ష కూడా నార్మల్. ఇలా దట్టమైన బొచ్చున్న జాతుల్లో కొన్నిటికి మెషిన్ పెడితే వెంట్రుకల కుదుళ్లు నిద్రపోతాయట, ఏడాది పైన కూడా పట్టొచ్చట. ఉప్పుకీ దీనికీ సంబంధం లేదని కూడా చెప్పారు.

నెల తిరిగేసరికి సరిగ్గా ఆ బ్లేడు గీకిన చోటే రూపాయి బిళ్లంత తెల్లటి కుచ్చు మొలిచింది! చుట్టూ నున్నటి నల్ల చర్మం, మధ్యలో దూదిలాంటి బొచ్చు. అమ్మ రోజూ వేలితో తడిమి చూసేది. గీకిన చోట, చిన్న గాయమైన చోట ముందు మొలవడం ఈ సమస్యలో మామూలేనట. మిగతా వీపంతా నిండేసరికి మళ్లీ దసరా వచ్చింది.

అందుకే చెప్తున్నా, మన ఎండలకి జాలిపడి వీటికి గుండు చేయించకండి. ఆ బొచ్చే ఎండ చర్మానికి తగలకుండా కాపాడుతుంది. రోజూ దువ్వి ఊడే బొచ్చు తీసేస్తూ, ఫ్యాన్ కింద తడి గోనెపట్టా పరిస్తే చాలు.

ఈనిన రెండు మూడు నెలలకి బొచ్చు రాలడం కూడా మామూలే, దానంతటదే వస్తుంది. అయితే దురద పెట్టని పురుగులూ ఉన్నాయి కాబట్టి ఒకసారి స్క్రేపింగ్, అంటే మా బన్నీకి చేసినట్టు చర్మం గీకి చూసే పరీక్ష, మాత్రం చేయించండి. చర్మం ఎర్రబడినా, వాసనొచ్చినా, నీళ్లు మరీ ఎక్కువ తాగుతున్నా ఆలస్యం చెయ్యొద్దు.

మీది ఆడదా, ఈమధ్య ఈనిందా? గుండు సంగతి కూడా రాయండి.