డిమెన్షియా సంరక్షణ పరిశోధనకు ప్రభుత్వ నిధులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

డిమెన్షియాతో జీవిస్తున్నవారి దినచర్యను, వారిని చూసుకునేవారి కష్టాన్ని నేరుగా తాకే పరిశోధనలకు ప్రభుత్వ సంస్థల నుంచి నిధులు ఎలా పొందాలో అడుగుతూ పాఠకులు రాసిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను నర్సింగ్ కళాశాలలో బోధిస్తున్నాను. డిమెన్షియా ఉన్నవారికి స్నానం చేయించేటప్పుడు వారు భయపడి ప్రతిఘటించడం తగ్గేలా సిబ్బందికి ఒక శిక్షణ రూపొందించాలని ఉంది. ప్రభుత్వ డబ్బంతా కొత్త మందుల పరిశోధనకే పోతుందని సహోద్యోగులు అంటున్నారు. నాకు నిజంగా అవకాశం ఉందా?

జవాబు: తప్పకుండా ఉంది. మీరు ఎంచుకున్న అంశంలోనే అందుకు చక్కని ఉదాహరణ కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నర్సింగ్ రీసెర్చ్ నిధులతో జరిగి, 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనం 15 సంరక్షణ గృహాల్లో, స్నానం వేళ తీవ్రంగా కలవరపడే 73 మందితో రెండు పద్ధతులను పరీక్షించింది. మొదటిది, ఆ మనిషి ఇష్టాయిష్టాలను బట్టి షవర్ స్నానాన్ని మార్చుకోవడం. రెండవది, మంచం మీద నుంచి లేపకుండానే, మళ్లీ కడగనవసరం లేని సబ్బు కలిపిన వేడినీటిలో తడిపిన పెద్ద తువాలును ఒంటినిండా కప్పి, ఆ తువాలు మీదుగానే మెల్లగా మర్దన చేస్తూ శుభ్రం చేయడం. రెండు పద్ధతుల్లోనూ కలవరం తగ్గింది, దూకుడు ఘటనలు సగానికి పైగా తగ్గాయి. ఏ మందూ వాడకుండా, చేసే పని తీరును మార్చడం ద్వారానే ఆ ఫలితం వచ్చింది.

ప్రభుత్వాలు ఇటువంటి పనికి డబ్బు ఇవ్వడానికి బలమైన కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. 2019లో దీని ఆర్థిక భారం 1.3 లక్షల కోట్ల డాలర్లు కాగా, అందులో దాదాపు సగం కుటుంబ సభ్యులు, ఆత్మీయులు జీతం లేకుండా చేసే సేవకు కట్టిన విలువే. 2017లో సభ్యదేశాలు ఆమోదించిన ప్రపంచ కార్యాచరణ ప్రణాళికలోని ఏడు రంగాల్లో సంరక్షకులకు తోడ్పాటు ఒకటి, పరిశోధన మరొకటి. ఆ ప్రణాళిక గడువును ఇప్పుడు 2031 వరకు పొడిగించారు. ప్రతిపాదన రాసేటప్పుడు మీ ప్రశ్న ఈ ప్రణాళికలోనో, మీ దేశపు డిమెన్షియా విధానంలోనో ఏ అంశానికి చెందుతుందో ఒక్క వాక్యంలో చూపగలిగితే, దరఖాస్తులను పరిశీలించే సమీక్షకుల పని తేలికవుతుంది.

ఎక్కడ వెతకాలంటే, అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్, బ్రిటన్‌లో ఎన్‌ఐహెచ్‌ఆర్, కెనడాలో సీఐహెచ్‌ఆర్, ఆస్ట్రేలియాలో ఎన్‌హెచ్‌ఎంఆర్‌సీ, భారతదేశంలో ఐసీఎంఆర్ ఆరోగ్య పరిశోధనకు నిధులిచ్చే ప్రధానమైన ప్రభుత్వ సంస్థలు. వీటి గ్రాంట్లు స్థూలంగా రెండు విధాలు. కొన్నింటిలో ప్రశ్నను సంస్థే ప్రకటించి, దానికి సమాధానం కనుగొనేవారిని పిలుస్తుంది. మరికొన్నింటిలో ప్రశ్నను మీరే తీసుకువెళ్లవచ్చు. మీ అంశం రెండవ తరహాకు సరిపోతుంది. బ్రిటన్‌లో రీసెర్చ్ ఫర్ పేషెంట్ బెనిఫిట్ అనే పథకం రోగులకు, సేవలు పొందేవారికి ప్రయోజనం కలిగించే ఇటువంటి ప్రశ్నలకే ఉద్దేశించినది. ప్రకటనలో డిమెన్షియా పేరు లేనంత మాత్రాన దాన్ని దాటిపోవద్దు. వృద్ధుల సంరక్షణ, నర్సింగ్, దీర్ఘకాలిక వ్యాధులు, పునరావాసం వంటి శీర్షికల కింద వచ్చే గ్రాంట్లకూ మీ ప్రతిపాదన అర్హం కావచ్చు.

ప్రశ్న: నేను ఫిజియోథెరపిస్టును. డే కేర్ కేంద్రానికి వచ్చే కొద్దిమందితో ఒక వ్యాయామ కార్యక్రమం నడుపుతున్నాను. వారిలో జ్ఞాపకశక్తి మెరుగైనట్లు అనిపిస్తోంది. నేరుగా పెద్ద ట్రయల్‌కు దరఖాస్తు చేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దని మా సలహా. ముందుగా డాపా అనే ట్రయల్ (ఒక పద్ధతి పనిచేస్తుందో లేదో మనుషులతో పరీక్షించి చూసే అధ్యయనం) గురించి శ్రద్ధగా చదవండి. ఎన్‌ఐహెచ్‌ఆర్ నిధులతో బ్రిటన్‌లో 494 మందితో జరిగిన ఈ ట్రయల్ ఫలితాలు 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చాయి. స్వల్ప, మధ్యస్థ స్థాయి డిమెన్షియా ఉన్నవారికి నాలుగు నెలల పాటు పర్యవేక్షణలో గట్టి వ్యాయామం చేయిస్తే దేహదారుఢ్యం పెరిగింది గాని, జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించడం నెమ్మదించలేదు. ఈ విషయాన్ని ప్రస్తావించకుండా జ్ఞాపకశక్తి కోసం వ్యాయామమంటూ దరఖాస్తు పంపితే సమీక్షకులు మొదటి పేజీలోనే ఆగిపోతారు. అదే మీరు తూలిపడటం తగ్గించడం గురించో, కుర్చీలోంచి తనంత తానుగా లేవగలగడం గురించో అడిగితే ప్రశ్న మారిపోతుంది. మీ అనుభవం బరువు కూడా అక్కడే తెలుస్తుంది.

తరువాతి సంగతి దశ. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, ఎన్‌ఐహెచ్‌ఆర్ కలిసి 2021లో సవరించిన మార్గదర్శకం ఇటువంటి సంక్లిష్ట కార్యక్రమాల పరిశోధనను రూపకల్పన, సాధ్యాసాధ్యాల పరిశీలన, ఫలితాల మూల్యాంకనం, అమలు అనే నాలుగు దశలుగా చూస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా సున్నా నుంచి ఐదు వరకు దశల నమూనా ఒకటి వాడుతుంది. గ్రాంటును మొత్తం ఎంత అని చూసి కాక, మీ పని ఈ మెట్లలో ఎక్కడ ఉందో చూసి ఎంచుకోవాలి. మీరు ఉన్నది సాధ్యాసాధ్యాల దశలో. ఆ దశకు కావలసింది పైలట్‌కు, అంటే చిన్న స్థాయి ముందస్తు అధ్యయనానికి, ఇచ్చే చిన్న గ్రాంటు. పిలిచిన వారిలో ఎందరు చేరారు, ఎందరు చివరి వరకు వచ్చారు, మీరు అనుకున్న వ్యాయామాన్ని వేరొక థెరపిస్టు అదే విధంగా చేయించగలిగారా, ఎవరైనా గాయపడ్డారా అనే లెక్కలే ఆ పైలట్‌లో తేలాలి. ఏ లెక్క ఎంత వస్తే పెద్ద ట్రయల్‌కు వెళతారో, ఎంత రాకపోతే ఆపేస్తారో ప్రతిపాదనలోనే ముందుగా రాసి పెట్టండి. అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ 2019లో ఏర్పాటు చేసిన ఇంపాక్ట్ కొలాబరేటరీ, ఆసుపత్రులు, సంరక్షణ వ్యవస్థల దైనందిన పనిలోనే ఇమిడిపోయే ట్రయల్స్‌కు ముందు జరగవలసిన పైలట్లకు డబ్బు ఇచ్చింది.

ఈ క్రమంలో నడిచిన పని ఎంత దూరం వెళుతుందో తెలియాలంటే స్టార్ట్ అనే బ్రిటిష్ అధ్యయనాన్ని చూడాలి. దాని కోసం ఎవరూ సున్నా నుంచి మొదలుపెట్టలేదు, అంతకు ముందే అమెరికాలో రూపొందిన ఒక శిక్షణను తమ పరిస్థితులకు తగినట్లు మార్చుకున్నారు. డిమెన్షియా ఉన్న బంధువును చూసుకునేవారికి ఒక్కొక్కరికి విడిగా ఎనిమిది సమావేశాలు జరిపారు. కష్టమైన ప్రవర్తనను ఎలా అర్థం చేసుకోవాలి, సాయం ఎవరిని అడగాలి, రాబోయే రోజులకు ఎలా సిద్ధపడాలి అనేవి నేర్పి, ప్రతి సమావేశంలో మనసుకు విశ్రాంతినిచ్చే అభ్యాసం చేయించారు. ఇదంతా చేసినవారు క్లినికల్ శిక్షణ లేని మనస్తత్వశాస్త్ర పట్టభద్రులు, వారిని పర్యవేక్షించింది ఒక క్లినికల్ సైకాలజిస్టు. 260 మంది సంరక్షకులతో జరిగిన ఈ ట్రయల్‌కు ఎన్‌ఐహెచ్‌ఆర్ నిధులిచ్చింది. 2013లో వెలువడిన ఫలితాల్లో సంరక్షకుల కుంగుబాటు, ఆందోళన తగ్గినట్లు తేలింది. ఆరేళ్ల తరువాతి పరిశీలనలో కూడా ఆ మేలు నిలిచి ఉంది. నిధులిచ్చే సంస్థలను ఆకట్టుకునే గుణం ఇందులో ఒకటి ఉంది. ఖరీదైన నిపుణులు దొరకని చోట కూడా, పర్యవేక్షణ ఉంటే మామూలు పట్టభద్రులు దీన్ని నడపగలరు.

ప్రశ్న: మా అమ్మకు డిమెన్షియా. నేను పరిశోధకురాలిని కాను. ఈ పరిశోధనల్లో నాలాంటి వారికి పాత్ర ఏదైనా ఉంటుందా, లేక ప్రశ్నపత్రాలు నింపడమేనా?

జవాబు: మీ పాత్ర అంతకన్నా చాలా పెద్దది. అది రోజురోజుకూ పెరుగుతోంది కూడా. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్, అల్జైమర్స్ సొసైటీ కలిసి డిమెన్షియా ఉన్నవారిని, వారి కుటుంబాలను, వైద్య సిబ్బందిని ఒకచోట చేర్చి, పరిశోధన సమాధానం చెప్పవలసిన పది ముఖ్యమైన ప్రశ్నలను 2013లో ఎంపిక చేయించాయి. ఎన్‌ఐహెచ్‌ఆర్‌కు వచ్చే ప్రతిపాదనలో సేవలు పొందేవారిని రూపకల్పన నుంచే ఎలా భాగస్వాములను చేశారో రాయాలి. ఆ భాగం బలహీనంగా ఉంటే దరఖాస్తు నష్టపోతుంది. సలహా బృందంలో సభ్యురాలిగానే కాక, సహ దరఖాస్తుదారుగా కూడా మీరు ఉండవచ్చు. సమీక్ష కమిటీల్లో కూడా సాధారణ పౌరులకు స్థానం ఉంటుంది.

ఎవరైనా మిమ్మల్ని ఆహ్వానిస్తే రెండు విషయాలు మొహమాటం లేకుండా అడగండి. మీరు వెచ్చించే సమయానికి పారితోషికం బడ్జెట్‌లో ఉందా? మీరు సమావేశానికి వచ్చిన ఆ కొన్ని గంటలు అమ్మగారి దగ్గర వేరొకరిని ఉంచడానికయ్యే ఖర్చు ఎవరిది? ఈ రెండవ పద్దును మరచిపోయే బడ్జెట్లు ఎక్కువ. అది లేకపోతే సంరక్షణ భారం తక్కువగా ఉన్నవారే సలహా బృందంలో మిగులుతారు, మీవంటి వారి గొంతు ఆ గదిలోకి చేరదు. అమ్మగారు స్వయంగా తన అభిప్రాయం చెప్పగలిగిన దశలో ఉంటే, ఆమెను కూడా అడగమని దయచేసి పట్టుబట్టండి.

ప్రశ్న: మాది చిన్న సాంకేతిక సంస్థ. దారి తప్పే వృద్ధుల కోసం ఒక సెన్సర్ తయారు చేశాము. ప్రభుత్వ పరిశోధన నిధులు కంపెనీలకు ఇస్తారా?

జవాబు: ఇస్తారు. అమెరికాలో చిన్న వ్యాపార సంస్థల నవకల్పన కోసం నడిచిన ఎస్‌బీఐఆర్, ఎస్‌టీటీఆర్ పథకాల కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ ఇటువంటి పరికరాలకు నిధులిచ్చింది. చాలా దేశాల్లో విశ్వవిద్యాలయంతో గాని, ఆసుపత్రితో గాని కలిసి దరఖాస్తు చేయవలసి ఉంటుంది. సెన్సర్ ఎంత కచ్చితంగా పనిచేస్తుందనేది సమీక్షకులకు సగం సమాధానమే. దాన్ని ధరించడానికి ఆ మనిషి ఒప్పుకున్నారా, తన కదలికల సమాచారం ఎవరు చూస్తారు, తప్పుడు హెచ్చరిక వచ్చినప్పుడు అర్ధరాత్రి లేచేది ఎవరు అనే వాటికి కూడా సమాధానం ఉండాలి.

ప్రశ్న: మా దేశంలో ఈ రంగానికి నిధులు తక్కువ. ఇతర దేశాల ప్రభుత్వ నిధులు మాకు అందుతాయా?

జవాబు: అందిన సందర్భాలు ఉన్నాయి. భారతదేశంలో వృద్ధుల్లో డిమెన్షియా వ్యాప్తిని అంచనా వేసిన లాసీ-డ్యాడ్ అధ్యయనానికి నిధులు అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ నుంచి వచ్చాయి. 2018లో మొదలైన స్ట్రైడ్ ప్రాజెక్టు బ్రిటన్ ప్రభుత్వ గ్లోబల్ చాలెంజెస్ రీసెర్చ్ ఫండ్ డబ్బుతో బ్రెజిల్, భారత్, ఇండోనేషియా, జమైకా, కెన్యా, మెక్సికో, దక్షిణాఫ్రికా దేశాల్లో డిమెన్షియా సంరక్షణ, విధానాలపై పనిచేసింది. మెదడు కణాలు క్షీణించే వ్యాధుల పరిశోధనకు ఐరోపాలో పలు దేశాలు కలిసి నడిపే జేపీఎన్‌డీ పద్ధతి వేరు. అక్కడ పలు దేశాల బృందాలు ఉమ్మడిగా దరఖాస్తు చేస్తాయి, కాని ఒక్కొక్క బృందానికి దాని సొంత దేశమే డబ్బు చెల్లిస్తుంది. కాబట్టి మీ దేశం ఆ ఏడాది ప్రకటనలో పాల్గొంటున్నదో లేదో ముందు చూసుకోవాలి. 2018లో ఆ సంస్థ ఆరోగ్య, సామాజిక సంరక్షణకే ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించింది.

అయితే విదేశీ నిధుల మీదే ఆధారపడటం క్షేమం కాదు. 2025 మే నెలలో ఎన్‌ఐహెచ్ తన గ్రాంటు పొందిన సంస్థ ద్వారా విదేశీ సంస్థలకు ఉప గ్రాంట్లు ఇచ్చే పాత పద్ధతిని నిలిపివేయడంతో, దాని మీద నడిచే భాగస్వామ్యాలు ఎన్నో ఇబ్బందిలో పడ్డాయి. మీ ప్రభుత్వ సంస్థ ఇచ్చే చిన్న గ్రాంటుతోనైనా ఒక పైలట్ పూర్తి చేసి ఉంచుకుంటే, విదేశీ భాగస్వాములతో సమాన స్థాయిలో మాట్లాడగలుగుతారు.

ప్రశ్న: సంరక్షణ గృహాల సిబ్బందికి శిక్షణపై మేము పంపిన ప్రతిపాదన తిరస్కరణకు గురైంది. నమూనా పరిమాణం (అధ్యయనంలో చేర్చుకునేవారి సంఖ్య), సమ్మతి, ఫలితాల కొలత అనే మూడు చోట్ల లోపాలు చూపారు. ఏం చేయాలి?

జవాబు: ఈ మూడూ డిమెన్షియా పరిశోధనలో పదేపదే కనిపించే లోపాలే, మూడింటినీ సరిదిద్దవచ్చు. శిక్షణ సిబ్బందికి ఇస్తున్నారు కాబట్టి దాని ప్రభావం ఒక గృహంలోని అందరి మీదా ఒకేసారి పడుతుంది. అందువల్ల శిక్షణ ఇచ్చేవి, ఇవ్వనివి అని లాటరీ పద్ధతిలో విడదీయవలసింది వ్యక్తులను కాదు, గృహాలను. ఒకే గృహంలోని వారి ఫలితాలు కొంతవరకు ఒకేలా ఉంటాయి గనుక కావలసిన సంఖ్య మామూలు లెక్క కన్నా బాగా పెరుగుతుంది. అధ్యయన కాలంలో మరణించేవారు, వేరే చోటికి మారేవారు కూడా ఈ రంగంలో ఎక్కువే. ఈ లెక్కను గణాంక నిపుణుల చేత వేయించి, వారిని సహ దరఖాస్తుదారుగా చేర్చండి.

సమ్మతి విషయంలో, డిమెన్షియా ఉన్నంత మాత్రాన మనిషి నిర్ణయం తీసుకోలేరని అనుకోకూడదు. ఆ నిర్ణయానికి కావలసిన సామర్థ్యం ఆ సమయంలో ఉందో లేదో చూడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం, సామర్థ్యం లేనప్పుడు ఆ మనిషి బాగోగులు ఎరిగినవారిని సంప్రదించాలని చెబుతుంది. మీ దేశపు చట్టం ఏమి కోరుతుందో తెలుసుకుని, అధ్యయనం నడుమ సామర్థ్యం తగ్గితే ఏం చేస్తారో రాయండి. తల తిప్పుకోవడం, చేయి వెనక్కి లాక్కోవడం వంటి అయిష్టాన్ని నిరాకరణగానే గౌరవిస్తామని కూడా స్పష్టంగా చేర్చండి.

ఇక కొలత. జీవన నాణ్యత గురించి డిమెన్షియా ఉన్నవారు తామే చెప్పినప్పటి కన్నా, వారి తరఫున ఇతరులు చెప్పినప్పుడు మార్కులు సాధారణంగా తక్కువగా వస్తాయి. జీవన నాణ్యతను కొలిచే డెమ్‌క్వాల్ వంటి ప్రశ్నావళికి ఈ ఇద్దరి కోసం వేర్వేరు రూపాలు ఉన్నాయి. వాటిలో ఏది ప్రధానమో, ఎందుకో ముందే తేల్చాలి. ఈ సవరణలను సమీక్షకుల ఒక్కొక్క వ్యాఖ్యకు ఎదురుగా రాసి తిరిగి పంపండి, వాదనకు దిగవద్దు. తిరిగి పంపే నిబంధనలు సంస్థను బట్టి మారతాయి. ఎన్‌ఐహెచ్‌లోనైతే మొదటి దరఖాస్తు పంపిన 37 నెలల లోపు, ఒకే ఒక్కసారి పునఃసమర్పణకు అవకాశం ఉంటుంది.